వైజాగ్‌లో చిన్న హోటళ్ళు తిరిగి తినడం ఎలా?

వైజాగ్‌కు బదిలీ మీద వచ్చినవాళ్ళయినా, చదువుకోడానికి వచ్చి హాస్టల్లో చేరిన పిల్లలయినా మొదటి వారంలోనే అడిగే మాట ఒకటుంది: "ఇక్కడ తిండికి ఏది బాగుంటుంది?" ఎవరిని అడిగినా నాలుగు పేర్లు టకటకా చెప్పేస్తారు. ఆ నాలుగూ మంచివే కావచ్చు. కానీ ఆ పేరు పట్టుకుని మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళి పెసరట్టు అడిగితే ఉండదు, ఉన్నా తిన్నట్టుండదు. ఈ ఊళ్ళో ముందు తెలుసుకోవాల్సింది ఏ పేటలో, ఏ వేళకు, ఏది వేడిగా పొయ్యి మీంచి దిగుతుందో. అది పట్టుబడితే పేర్లు మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చిన్న హోటళ్ళంటే నేననేది టిఫిన్ బళ్ళు, మెస్‌లు, కర్రీ పాయింట్లు, బిర్యానీ సెంటర్లు, బీచ్ రోడ్డు పక్కన చేపల వేపుడు షెడ్లు. ఏసీ హాలు, అట్ట వేసిన మెనూ ఉన్నవాటికి ఈ తంటా అక్కర్లేదు.

ముందు ఒక పేట పట్టుకోండి

ఊరు పొడుగ్గా సాగిపోయింది. ఇటు గాజువాక, అటు మధురవాడ, సముద్రం వెంట వెళ్తే భీమిలి. ఒక ఆదివారంలో అంతా చుట్టేద్దామని బయల్దేరితే ట్రాఫిక్‌లోనే ఆకలి చచ్చిపోతుంది. వారానికి ఒక పేట చాలు.

పేటను బట్టి తిండి మారుతుంది, ఎందుకంటే తినేవాళ్ళు మారతారు. ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్, డైమండ్ పార్క్ వైపు కోచింగ్ పిల్లలు, ఆఫీసుల వాళ్ళు ఎక్కువ. అక్కడ టిఫిన్లు, మెస్ భోజనాలు తొందరగా కదులుతాయి. జగదాంబ జంక్షన్ సినిమాలకు, షాపింగుకు వచ్చేవాళ్ళది; సాయంత్రం నుంచి బిర్యానీ వాసన అక్కడే. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ వైపు తెల్లవారే టిఫిన్లు దొరుకుతాయి, ఎందుకంటే సరుకు దించే కళాసీలకు ఆ వేళకే కడుపు నిండాలి. గాజువాక, మల్కాపురం, సింధియా వైపు స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, నేవీ ఉన్నాయి కాబట్టి ఒడిశా, బెంగాల్, ఉత్తరాది వాళ్ళు చాలామంది. రోటీ, ఆలూ పరాఠా, ఆవనూనెలో వేయించిన చేప తినాలనిపిస్తే బీచ్‌కు కాదు, అటు వెళ్ళాలి.

పేటలో దిగాక ఆటో అన్నను గానీ, షాపు ముందు నిలబడ్డ కుర్రాణ్ణి గానీ అడగండి. ప్రశ్న మాత్రం మార్చండి. "ఇక్కడ ఏది ఫేమస్?" అంటే మిమ్మల్ని టూరిస్టు అనుకుని పెద్ద బోర్డున్న చోటే చూపిస్తాడు. "అన్నా, మధ్యాహ్నం మీరెక్కడ తింటారు?" అనండి. కాసేపు ఆలోచించి, "అదిగో ఆ సందులోకెళ్ళండి, బోర్డేటీ ఉండదు" అన్నాడంటే మీకు కావాల్సింది దొరికినట్టే.

ఇంకో సంగతి. పేరున్న హోటళ్ళను పూర్తిగా వదిలేయకండి, ఒకసారి తినండి. ద్వారకానగర్‌లో సాయిరామ్ పార్లర్ టిఫిన్లకు, జగదాంబ దగ్గర ఆల్ఫా బిర్యానీకి ఎప్పట్నుంచో పేరుంది. అక్కడ ఒక ఇడ్లీ, ఒక ప్లేటు బిర్యానీ తిని, ఆ రుచి గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత సందులో తిన్న ఇడ్లీ అంతకంటే మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అన్నది మీకే తెలుస్తుంది. పోల్చుకోడానికి ఒకటి లేకుండా తిరిగితే అన్నీ బాగున్నట్టే ఉంటాయి, లేదా ఏదీ బాగాలేనట్టు ఉంటుంది.

జొమాటో, స్విగ్గీ రేటింగులు చూడొచ్చు గానీ, అవి చాలావరకు అరగంట బండి మీద ప్రయాణం చేసి ఇంటికొచ్చిన పార్శిల్‌కు ఇచ్చినవి. పెనం పక్కన నిలబడి తినే అట్టుకు ఆ మార్కులు వర్తించవు. పైగా మంచి మెస్‌లు చాలా అందులో ఉండనే ఉండవు.

వేళ: అసలు కిటుకు ఇక్కడే ఉంది

పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టిఫిన్ల కాలం. అందులోనూ పెసరట్టుకు ఎనిమిది ప్రాంతం మంచిది. ఇడ్లీ, దోసె పిండి రాత్రంతా పులియాలి, పెసరపిండి పులియకూడదు. నానబెట్టిన పెసలు రుబ్బగానే పోసెయ్యాలి. పొద్దెక్కేకొద్దీ ఆ పచ్చదనం పోయి పిండి నల్లబడుతుంది, పుల్లటి వాసన మొదలవుతుంది. దోసె పిండికి సమస్య ఇంకో రకం. మన సముద్రపు ఉక్కలో అది పదకొండు దాటేసరికి అతిగా పులిసిపోతుంది. పెనానికి రంగు బాగానే పడుతుంది, నోట్లో మాత్రం పులుపు తగులుతుంది.

బండి దగ్గర అట్టు వేసే మనిషిని ఒక నిమిషం చూడండి. పెనం మీద నీళ్ళు చల్లి చిన్న చీపురుతో ఒక్క తుడుపు తుడుస్తాడు, చుయ్యిమని ఆవిరి లేస్తుంది. గిన్నె అడుగుతో పిండి చుట్టూ తిప్పి, పైన ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర జల్లి అట్లకాడతో నొక్కుతాడు. నీళ్ళు చల్లకుండా, పాత మాడు గీకకుండా ఒకదాని మీద ఒకటి వేసుకుపోతున్నాడంటే మీ అట్టులో ముందు వాళ్ళ అట్టు మాడు కూడా వస్తుంది. వేరే బండి చూసుకోండి.

చట్నీల్లో అన్నిటికంటే ముందు పాడయ్యేది కొబ్బరి పచ్చడి. ఎండాకాలంలో పది దాటాక దాన్ని వదిలేసి అల్లం పచ్చడో, కారప్పొడి నెయ్యో వేయించుకోండి. పూరీతో బొంబాయి చట్నీ అయితే ఉడికిందే కాబట్టి వేడిగా ఉన్నంతసేపూ పరవాలేదు. చట్నీ బేసిన్‌లో గరిట మునిగిపోయి, అంచుల్లో ఎండిపోయి ఉంటే అది పొద్దుటిదే. అడగక్కర్లేదు.

భోజనానికి పన్నెండున్నర నుంచి ఒకటిన్నర. రెండు దాటాక మెస్‌కు వెళ్తే కూరలు అడుగంటుతాయి, సాంబారు పలచబడుతుంది, అన్నం చల్లారిపోతుంది. దీనికి మినహాయింపు చేపల పులుసు. అది ఒక గంట ఆగితే చింతపండు పులుపు ముక్కకు పట్టి ఇంకా బాగుంటుంది. అందుకే ఆలస్యమైన రోజు వేపుడు జోలికి పోకుండా పులుసు అడగండి. బిర్యానీ సెంటర్‌లో అయితే "హండీ ఎప్పుడు దించుతారు?" అని ముందే అడిగి, ఆ వేళకు వెళ్ళండి. మూత తీసిన మొదటి గంటలో తిన్న బిర్యానీకీ, సాయంత్రం నాలుగుకు అడుగు గీకి పెట్టినదానికీ పొంతనే ఉండదు.

మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఏ చిన్న హోటల్‌కూ వెళ్ళొద్దు. ఆ వేళ వంటవాళ్ళు పడుకుంటారు, మీకు పెట్టేది మిగిలినదే. టీ తాగి ఊరుకోండి.

ఐదు దాటాక పునుగులు, మిరపకాయ బజ్జీ, మురీ (మరమరాల) మిక్చర్. బజ్జీల దగ్గర చూడాల్సింది బాణలిలో నూనె. నల్లగా, జిగురుగా మారి, బజ్జీ వేయగానే బుడగలు తగ్గకుండా నురగలాగా పేరుకుంటోందంటే ఆ నూనె చాలాసార్లు కాగింది. పదేపదే కాగిన నూనెలో పేరుకునే చెడు పదార్థాలు, అంటే టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది గానీ, బండి దగ్గర అది కొలిచే మీటరు మనకెక్కడిది, కళ్ళూ ముక్కే దిక్కు.

మెస్‌లో కూర్చోవడం

కొత్తవాళ్ళకు ఇక్కడే కొంచెం టెన్షన్. చాలా మెస్‌లలో ముందు డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి. ఖాళీ కుర్చీ కనబడితే కూర్చోవడమే. ఎదురుగా ఎవరున్నా ఇబ్బంది పడక్కర్లేదు. ఆకు వేస్తే నీళ్ళు చల్లి తుడుచుకోండి. ప్లేటు అయితే అంచు తడిగా ఉందో జిడ్డుగా ఉందో వేలితో చూడండి. జిడ్డుగా ఉంటే మార్చమనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఫుల్ మీల్స్ అంటే అన్నం ఎంతైనా వడ్డిస్తారు కదా అని పప్పులోనే కడుపు నింపేసుకోకండి. పప్పు, ఆవకాయ, నెయ్యితో రెండు ముద్దలు. కూరతో కాస్త. తర్వాత పులుసు. మన ఉత్తరాంధ్ర మెస్ అయితే ఎప్పుడో ఒకప్పుడు బెల్లం పులుసో, ఆవ పెట్టిన కూరో తగులుతుంది, దానికి చోటుంచండి. పనసపొట్టు ఆవ పెట్టి చేసిన రోజున మెస్‌లో రెండో వాయి అన్నం త్వరగా అయిపోతుంది. ఆ తర్వాత చారు, చివర్న పెరుగు. బకెట్ పట్టుకుని తిరిగే అబ్బాయి మీ దగ్గరికి వచ్చినప్పుడే "చాలు" అనో "ఇంకొంచెం" అనో చెప్పాలి. అతను అటు తిరిగాక పిలిస్తే మళ్ళీ ఒక చుట్టు అయ్యేదాకా రాడు. ఒంటిగంటకు తిన్నాక కూర్చుని కబుర్లు చెప్పుకోవద్దు. మీ వెనకాల ఒక మనిషి మీ కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటాడు.

స్పెషల్ అడిగేటప్పుడు మెనూలోది కాకుండా ఆ రోజుది అడగండి. నడిపేది పెద్దావిడ అయితే సంభాషణ ఇలా ఉంటుంది:

"అమ్మా, వంజరం ఉందా?"

"లేదు బాబూ, ఈ రోజు కానాగంతలే వచ్చేయి."

"సరే, అవే పెట్టండి."

లేదు అని చెప్పగలిగిన చోటును నమ్మండి. ఏ రోజు వెళ్ళినా బోర్డు మీదున్న పన్నెండు రకాల చేపలూ ఉన్నాయంటే, అవి ఎక్కడో ఐస్ పెట్టెలో ఉన్నవే.

జేబు సంగతి కూడా చెప్పుకోవాలి. హాస్టల్ పిల్లలకు నెలాఖరులో అన్న క్యాంటీన్ ఉంది. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు, పూటకు 5 రూపాయలు. రుచి చూసే జాబితాలో దాన్ని కలపడానికి సిగ్గుపడక్కర్లేదు.

చేపలు తినాలంటే

వైజాగ్‌కు వచ్చి చేప తినకుండా ఎవరూ ఉండరు, కానీ ఎక్కువమంది తప్పు రోజున, తప్పు చేప తింటారు. ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. మోటారు లేని నాటు తెప్పలకు మాత్రమే మినహాయింపు. ఆ రెండు నెలల్లో ఎవరైనా "ఇవాళ పొద్దున హార్బర్‌లో దిగిన వంజరం సార్" అంటే నవ్వి ఊరుకోండి. అది ఐస్‌లోదో, వేరే తీరం నుంచి వచ్చిందో. ఆ రోజుల్లో చెరువు చేపలు, చెరువు రొయ్యలు తినండి, లేదా నాటుకోడి వైపు మళ్ళండి. మామిడికాయ పప్పు కాలం కూడా అదే. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం హెచ్చరిక వచ్చినప్పుడు కూడా ఇదే లెక్క: పడవలు ఒడ్డునే ఉంటే తాజా చేప ఎక్కణ్ణుంచి వస్తుంది?

మిగతా రోజుల్లో వంజరం ముక్క ఒక్కటే చేప అనుకోవద్దు. ఖరీదు దానిది, రుచి చిన్నవాటిది. నెత్తళ్ళ వేపుడు, కానాగంతల పులుసు, చిన్న రొయ్యలతో గోంగూర... ఇవి త్వరగా అమ్ముడుపోతాయి కాబట్టి నిల్వ ఉండే అవకాశం తక్కువ.

వేయించిన ముక్క తాజాదో కాదో ఇలా తెలుసుకోండి. వేలితో నొక్కితే పొరలు పొరలుగా విడిపోయి ముల్లు శుభ్రంగా బయటికి రావాలి. పిండిలాగా నుసి అయితే పాతది. రొయ్యల్లో అమోనియా వాసన వస్తే ఒక్కటి కూడా తినకండి. ఇంకో లక్షణం చాలామందికి తెలియదు: కానాగంతలు, ట్యూనా, వంజరం లాంటివి పట్టిన వెంటనే ఐస్‌లో పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ అనే, అలర్జీలాంటి లక్షణాలు తెచ్చే పదార్థం పేరుకుంటుంది. ఎంత వేయించినా, ఎంత ఉడికించినా అది పోదు. తినగానే నాలుక చురచురమని, కాసేపటికి ముఖం ఎర్రబడి, ఒళ్ళంతా దురద మొదలైతే కారణం అదే కావచ్చు. "నాకు చేప పడదేమో" అని అనుకుంటారు గానీ తప్పు చేపది కాదు, దాన్ని నిల్వ చేసినవాళ్ళది. నాలుక చురుక్కుమన్న దగ్గరే ఆపేయండి. దురద తగ్గకపోతే, ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

బొంగు చికెన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది అరకు వైపుది. నూనె, నీళ్ళు లేకుండా మసాలా పట్టించిన ముక్కల్ని వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. బీచ్ రోడ్డు మీదా దొరుకుతుంది. మీ ముందే కొత్తగా కాల్చమని అడగండి, బొంగు పచ్చిదో కాదో చూడండి. సమయం పడుతుంది, అది మంచి గుర్తు. అయిదు నిమిషాల్లో చేతిలో పెట్టారంటే మామూలు చికెన్‌ను బొంగులో పోసి ఇస్తున్నారేమో అనుమానించండి.

ఆర్కే బీచ్‌లో

తొందరగా చెప్పేస్తాను: అక్కడ పూర్తి భోజనం చేయకండి. మురీ మిక్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తు, అంతే. మురీ మిక్చర్ కూడా నాలుగు బళ్ళు చూసి తీసుకోండి. ఉల్లిపాయ, టమాటా అప్పటికప్పుడు తరిగే బండి కావాలి. పొద్దున్నే తరిగి డబ్బాలో పెట్టింది కాదు. మురీలు చేతిలోకి తీసుకుంటే కరకరలాడాలి, సముద్రపు గాలికి మూత తీసిన డబ్బాలో అవి అరగంటలో మెత్తబడిపోతాయి. వేరుశనగ గుళ్ళు, కారం, కొత్తిమీర, నిమ్మకాయ వేసి డబ్బాలో గిలకొట్టి పొట్లంలో పోస్తాడు. నిమ్మరసం ఎక్కువ పిండించుకోండి, వెంటనే తినేయండి. కుర్సురా సబ్‌మెరైన్ చూసి వచ్చి తిందామని చేతిలో పట్టుకుంటే పొట్లం అడుగు తడిసి ఊడిపోతుంది.

ఎండాకాలం పొద్దున వాకింగ్ వేళకు చోడి (రాగి) అంబలి అమ్మేవాళ్ళుంటారు. మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో ఒక గ్లాసు. దాన్ని ఎవరూ హోటళ్ళ లెక్కలో వేయరు గానీ నా మటుకు నాకు అదే ఆ బీచ్‌లో మంచి టిఫిన్.

బీచ్‌లోగానీ, జంక్షన్లలోగానీ బళ్ళు ఎప్పుడూ ఒక్కచోట ఉండవు. రోడ్డు వెడల్పు అనో, ఆక్రమణల తొలగింపు అనో కార్పొరేషన్ వాళ్ళు లేపేస్తుంటారు. నచ్చిన బండి కనబడకపోతే మూసేశారనుకోవద్దు. పక్క పాన్ షాపులో అడగండి, కొత్త చోటు వాళ్ళకు తెలుస్తుంది.

ఎంత చెప్పాలి, ఎలా కట్టాలి

ముగ్గురు నలుగురు కలిసి వెళ్ళండి. ఒక్కొక్కరూ ఒక్కో రకం చెప్పి పంచుకోండి. మొదటిసారి వెళ్ళిన చోట ఒకే ఒక్క వంటకం, అదీ పక్క టేబుళ్ళలో ఎక్కువగా కనబడేది చెప్పండి. ఒక్కరే వెళ్తే సగం ప్లేటు అడగండి. చాలాచోట్ల బోర్డు మీద లేకపోయినా ఇస్తారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేటట్టయితే ముందు మీరొకసారి తిని రండి. కారం ఎంతుందో, మెట్లెన్ని ఉన్నాయో, చేతులు కడుక్కునే చోటు ఎలా ఉందో చూసుకోవాలి కదా.

మీ ఇంట్లో ఎవరైనా పూర్తి శాకాహారులైతే "వెజ్ కూడా ఉంది" అన్న చోటు వద్దు. ఒకే గరిట, ఒకే నూనె బాణలి. శుద్ధ శాకాహార మెస్‌లు ఊళ్ళో కావలసినన్ని ఉన్నాయి.

బిల్లు ఇచ్చే చోటయితే దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి, 2022 జనవరి నుంచి ఇది తప్పనిసరి. సర్వీస్ చార్జీ అంటూ వాళ్ళంతట వాళ్ళే కలిపితే తీసేయమనవచ్చు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నిజానికి మెస్‌లలో ఈ గొడవలేవీ రావు. అక్కడ అడగాల్సింది పార్శిల్ గురించే. వేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకండి; బ్యాగ్‌లో ఒక స్టీలు క్యారియర్ పెట్టుకుంటే వాళ్ళూ సంతోషంగా నింపి ఇస్తారు, తరచుగా ఒక గరిట ఎక్కువే పడుతుంది.

రెండోసారి వెళ్ళాకే తేల్చుకోండి

ఒక్కసారి తిని "బాగుంది", "బాగాలేదు" అనేయకండి. వంటమనిషి సెలవులో ఉండొచ్చు, ఆ రోజు జనం తక్కువై కూర మిగిలిపోయి ఉండొచ్చు. వేరే వారం, వేరే వేళకు వెళ్ళండి. రెండుసార్లూ ఉప్పు, కారం ఒకేలా ఉంటే ఆ చోటు మీది. ఫోన్‌లో రాసుకునేటప్పుడు హోటల్ పేరు పక్కన వంటకం, వేళ కూడా రాసుకోండి. "పేరు లేదు, అల్లిపురం గుడి సందు, గురువారం ఒంటిగంట, గుత్తివంకాయ" అని రాసుకున్నది రేటింగ్ నక్షత్రాల కంటే ఎక్కువ పనికొస్తుంది.

కేలండర్ కూడా చూడండి. కార్తీక మాసంలో చాలా ఇళ్ళలో నీచు మానేస్తారు, మాంసాహార హోటళ్ళు ఈగలు తోలుకుంటాయి. గిరాకీ లేని చోట సరుకు నిల్వ పడుతుంది కాబట్టి ఆ నెలలో బిర్యానీ, చేపల పరీక్షలు పెట్టుకోకండి. శాకాహార మెస్‌లు చూడ్డానికి మాత్రం అదే సరైన నెల. రద్దీ పెరిగి అన్నీ తాజాగా కదులుతాయి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి జనం పోటెత్తుతారు, ఆ రోజు వన్‌టౌన్ వైపు తిండికని వెళ్తే దారి దొరకడమే కష్టం. ఇక కార్తీకం ముగిసిన మర్నాడు వచ్చే పోలి పాడ్యమి దాటాక మొదటి ఆదివారం బిర్యానీ సెంటర్ల ముందు క్యూలు రోడ్డెక్కుతాయి. ముందు రోజే ఫోన్ చేసి ప్లేటు ఉంచమని చెప్పండి, లేదంటే మంగళవారం దాకా ఆగండి.